సున్నా తర్వాత ఇంకొక్కసారి

"పది గంటల రెండు నిమిషాలు. తనిఖీ మొదలు," అంటూ కోర్టు గుమాస్తాగారు రిజిస్టరులో రాసుకున్నారు. "ఒంటిగంటకి ముగింపు. ఒక్క నిమిషం కూడా పొడిగించేది లేదు మేడమ్, ముందే చెప్తున్నా."

గదిలో ఒక బల్ల, అయిదు కుర్చీలు, ఇంటర్నెట్ లేని కంప్యూటరు ఒకటి. ఫోన్లు బయట డబ్బాలో పడేసి వచ్చాం. ఫోటో తీయకూడదు, ప్రింటు తీయకూడదు. నాకు రెండు పెన్సిళ్ళు, పది తెల్లకాగితాలు ఇచ్చారు. తెరమీద చూసినదాంట్లో ఒక్క లైను బయట చెప్పినా నామీదే కేసు పెట్టొచ్చని కాగితం మీద సంతకం కూడా చేయించుకున్నారు.

పదిహేనేళ్ళుగా నేను చేసే పని ఇదే. ఒకరు రాసిన కోడు చెప్పాపెట్టకుండా ఇంకొకరి మిషన్లో దూరిందా లేదా అని వెతకడం. హంతకుల్ని పట్టుకునే డిటెక్టివులకి నెత్తుటి మరకలైనా దొరుకుతాయి. నాకు దొరికేవి అంకెలూ, బ్రాకెట్లూ. అందుకే ఈ వృత్తిలో నన్నందరూ భూతద్దం అంటారు. ఎదురుగా అనేవాళ్ళు తక్కువ.

నా పక్క కుర్చీలో కేసు వేసిన అమ్మాయి కూర్చుంది. ప్రసూతి వార్డులో నర్సు. పుట్టుకతోనే వినికిడి బాగా తక్కువ. ఆమెకి ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న, సైన్సు మాస్టారు, చెవి మిషన్‌ని కూతురికి సరిపడేలా సర్దే ప్రోగ్రామొకటి సొంతంగా రాసుకున్నారు. రాసుకుని ఊరుకోకుండా లోకానికి ఇచ్చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. షరతు ఒక్కటే. దాన్నుంచి పుట్టిన ప్రోగ్రాముని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు, మార్చిన కోడు కూడా వాళ్ళ చేతిలో పెట్టాలి. మాస్టారు పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడామె పెట్టుకున్నది ఈ కంపెనీ మిషనే. మూడు నెలల కిందట అప్‌డేట్ వచ్చినప్పట్నుంచీ అది ఉన్నట్టుండి మూగబోతోంది. సరిగ్గా పదకొండు నిమిషాలు. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ పలుకుతుంది. మూడు వారాల కిందట కాన్పు గదిలో డాక్టరు పిలిచిన పిలుపు ఆమె చెవిన పడలేదు. అదృష్టం బాగుండి తల్లికీ బిడ్డకీ ఏమీ కాలేదు. కానీ ఆస్పత్రి వాళ్ళు నెలాఖరుదాకా గడువిచ్చారు. ఈలోగా మిషను బాగుపడకపోతే ఆమెని వార్డు నుంచి తీసేసి స్టోరు గదిలో మందులు సర్దే పనికి పంపుతారు.

కోడిస్తే నేనే ఎవరిచేతనైనా బాగుచేయించుకుంటానంది. అది మా సొంత కోడు, ఇవ్వం అంది కంపెనీ. సొంతమా, మాస్టారి కోడుకి పుట్టిందా? నేను తేల్చాల్సిందదే.

"ఏమ్మా భూతద్దం, ఇంకా పెన్సిలూ కాగితమేనా?"

ఆ గొంతు వినగానే నా ప్రాణం ఉసూరుమంది. బల్లకి అటువైపు, కంపెనీ హెడ్ ఇంజినీరు పక్కన, ఆయన. కంపెనీ తరఫు నిపుణుడు. పద్దెనిమిదేళ్ళ కిందట నేను చేరిన మొదటి ఆఫీసులో నాకు సీనియరు. కోడు చదవడమెలాగో నాకు అక్షరాభ్యాసం చేయించింది ఆయనే. నేను చేసిన ఒక పెద్ద తప్పుకి తనే తలొంచుకుని తిట్లు తిన్నాడు, నా ఉద్యోగం నిలబెట్టాడు. ఆ తర్వాత కోడు రాయడం మానేసి పెద్ద కంపెనీలకి అభిప్రాయాలు రాసివ్వడం మొదలుపెట్టాడు. ఇప్పటికి నాలుగుసార్లు ఎదురుపడ్డాం, నాలుగుసార్లూ బల్లకి చెరోవైపు. ఆయనంటే నాకెంత కోపమో అంత కృతజ్ఞత. ఆ రెండూ ఒకే మనిషి మీద ఉండటం మహా ఇబ్బంది.

"మీరు నేర్పిందే గురువుగారూ," అన్నాను. "చేత్తో రాసుకుంటే కన్ను దాటవెయ్యదు అన్నారు. మీరీ కోడు చదివారా?"

"హెడ్డుగారి నివేదిక చదివాను. చాలు."

"సారాంశాన్ని నమ్మేవాడు సగం మోసపోయినట్టే అన్న పెద్దమనిషి మీరేననుకుంటా."

"అప్పుడు వయసులో ఉన్నాను," అన్నాడు. నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు.

పదీ ఇరవైకి కోడు తెరిచాను. మాస్టారు వాడిన భాష ఒకటి, వీళ్ళు రాసిన భాష వేరొకటి. పేర్లు వేరు, అమరిక వేరు. పైపైన చూస్తే పోలికే లేదు. గంటకి పైగా తలవంచుకుని చదివాను. పదకొండూ నలభైకి ఒక పట్టిక కనిపించింది. కొత్త మనిషి చెవికి మిషను పెట్టగానే ఏ స్వరాన్ని ఎంత పెంచాలో చెప్పే ఇరవైనాలుగు అంకెలు. మొదటి అయిదూ కాగితం మీద రాసుకున్నాను. ముప్ఫయ్యారు, ముప్ఫయ్యెనిమిది, యాభైరెండు, నలభైయొకటి, నలభైమూడు.

మూడో అంకె దగ్గర నా పెన్సిలు ఆగింది.

"హెడ్డుగారూ, ఈ పట్టిక ఎక్కడిది?"

"మేమే కొలిచాం మేడమ్."

"ఎక్కడ?"

"మా ల్యాబులో. బయటి చప్పుడు రవ్వంత కూడా రాని గది."

"ఎంతమందిని కొలిచారు?"

"రెండొందల పదిమందిని."

"ఆ గదిలో ఫ్యానుందా?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఫ్యానా? ఆ గదిలో గోడగడియారం కూడా పెట్టనివ్వం."

"రాసుకోండి గుమాస్తాగారూ. పదకొండూ నలభైనాలుగు. ఫ్యాను లేదు."

నిన్న సాయంత్రం నాలుగింటికి నేను మాస్టారి ఇంట్లో ఉన్నాను. ఆయన పనిచేసుకున్న గది ఆ అమ్మాయే తాళం తీసి చూపించింది. ఒక బెంచీ, పాత హెడ్‌ఫోన్లు, కూతుర్ని కూర్చోబెట్టి వినికిడి కొలిచిన చిన్న పీట, పైన ఫ్యాను. దాని రెగ్యులేటరు ఎప్పుడో పాడైపోయింది, వేస్తే ఒకే వేగం. ఆ ఫ్యాను వేసి చప్పుడు కొలిచే మీటరు పట్టుకుని పీట మీద కూర్చున్నాను. గుయ్యిమని ఒకటే మోత, కింది స్వరాల్లో, సరిగ్గా మూడో అంకె చోట. మాస్టారి నోటు పుస్తకంలో ఆ అంకెలు కొలిచిన రోజు పేజీ కూడా దొరికింది.

ఇప్పుడా పుస్తకం నా సంచిలోంచి తీసి బల్లమీద పెట్టి పైకి చదివాను.

"పాపకి చెమట పడుతోందని ఫ్యాను ఆపలేదు. ఆ మోతలో చిన్న చప్పుళ్ళు కలిసిపోయి, పెంచితే గానీ వినపడలేదంది. మూడో అంకె నమ్మకూడదు. తీరిక చూసుకుని మళ్ళీ కొలవాలి."

పుస్తకం మూశాను. "మాస్టారికి ఆ తీరిక ఎప్పుడూ దొరకలేదు. ఆయన అంకెలు వినండి. ముప్ఫయ్యొకటి, ముప్ఫైమూడు, నలభైయేడు, ముప్ఫయ్యారు, ముప్ఫయ్యెనిమిది. మీరు ప్రతిదానికీ అయిదు కలిపారు. అంతే. ఇరవైనాలుగూ చూశాను, ఇరవైనాలుగింటికీ అయిదే. హెడ్డుగారూ, గడియారం కూడా లేని మీ గదిలోకి మాస్టారి ఫ్యాను ఎలా వచ్చింది?"

హెడ్డు తన ఫైలు తెరిచి, మళ్ళీ మూశాడు. గుమాస్తాగారి పెన్ను పరుగులు తీసింది.

"అంకెలు ఎవరబ్బ సొత్తూ కాదు," అన్నాడు గురువుగారు, నింపాదిగా. "ఆలోచన కూడా ఎవరి సొత్తూ కాదు. ఒకడు రాసింది చదివి ఇంకొకడు నేర్చుకుంటాడు. నువ్వు నేర్చుకోలేదా నా దగ్గర?"

"నేర్చుకున్నాను. అందుకే బతుకుతున్నాను," అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. "చదివి నేర్చుకోవడం నేరమైతే నన్నే ముందు జైల్లో వెయ్యాలి. కానీ పక్కింటి వంట చూసి మనింట్లో వండుకోవడం వేరు. వాళ్ళ గిన్నె ఎత్తుకొచ్చి మూత మార్చడం వేరు. ఒక్క పట్టికే అయితే వదిలేసేదాన్ని. ఇందులో పనులు జరిగే వరస మాస్టారిదే. అక్కర్లేని చోట ఆయన పెట్టిన విరామాలు కూడా అలాగే ఉన్నాయి. ఇది నేర్చుకుని రాసింది కాదు, లైను తర్వాత లైను భాష మార్చింది. కథని వేరే భాషలోకి మారిస్తే కథ రాసినవాడు మారిపోడు కదా."

నర్సమ్మ నన్నే చూస్తోంది. ఆమె మొహంలోకి వెలుగొచ్చింది. నాకు కూడా లోపల కాస్త పొంగినట్టయింది, దాచడమెందుకు.

మిగతా పోలికలన్నీ చూసి రాసుకునేసరికి పన్నెండూ నలభై అయింది. అప్పుడు ఆ పొంగు చల్లారింది.

గురువుగారు ఫైలులోంచి ఒక కాగితం తీసి నా ముందుకి తోశాడు. "సరే, పుట్టిందే అనుకో. కన్నతండ్రే దత్తతిచ్చేస్తే?"

చదివాను. మాస్టారు పోవడానికి అయిదు నెలల ముందటి తేదీ. 'నేను రాసినదంతా ఈ కంపెనీ వారు ఏ షరతూ లేకుండా వాడుకోవడానికి అనుమతిస్తున్నాను.' కింద సంతకం.

"ఇదుంటే ముందే చూపించలేదేం?" అన్నాను.

"చూపిస్తే వాడామని ఒప్పుకున్నట్టేగా. మొత్తం మా బుర్రలోంచే పుట్టిందని ఊరంతా చెప్పుకున్నారు పాపం. వీలైతే బయటపెట్టొద్దన్నారు."

నర్సమ్మ ఆ కాగితం లాక్కుని చూసింది. "నాన్న సంతకమే," అంది. "బడిలో వినపడని పిల్లలకి నలభై మిషన్లు ఊరికే ఇస్తామన్నారు, అందుకు సంతకం పెట్టానన్నారు నాన్న. ఇలాంటిదని నాకు తెలీదు మేడమ్." రెండు చేతుల్తోనూ తల పట్టుకుంది. అరచెయ్యి మిషను మీద పడింది. సన్నగా కీచుమని ఒక చప్పుడు వచ్చి, టక్కున ఆగిపోయింది.

ఆమె తలెత్తింది. చెవి తట్టుకుంది. నావైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"పన్నెండూ నలభైయొకటి," అన్నారు గుమాస్తాగారు, ఎవరూ అడక్కుండానే. ఆ మాట ఆమెకి వినపడలేదు.

కళ్ళెదురుగా మనిషి లోకంలోంచి పదకొండు నిమిషాలు వెళ్ళిపోవడం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, మా మొహాలు మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. మాటలు ఎవరివో, ఏం మాటలో తెలియని చూపు. అటువైపు గురువుగారు కూడా చూపు తిప్పుకున్నాడు.

నాకు దిక్కుతోచలేదు. చేతికందిన పనిగా మాస్టారి పుస్తకం చివర్నుంచి తిరగేశాను. వెనక పేజీల నిండా ధన్యవాదాలు. ప్రోగ్రాములు ఊరికే ఇచ్చే మనుషుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు ఒక్క లైను పంపి సాయం చేసినా పేరు రాసి దణ్ణం పెడతారు. నిన్న ఆ అమ్మాయి ఈ పేజీలు చూపించబోతే, తర్వాత చూద్దాంలే అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నలభైముగ్గురి పేర్లు. పదిహేడో పేరు దగ్గర ఆగాను. రెండుసార్లు చదివాను.

"గురువుగారూ, మీ కాగితంలో ఏముంది? నేను రాసినదంతా అనేగా?"

"అవును. అయితే?"

"ఆయన రాయనిదో? మిషను కీచుమనకుండా ఆపే కోడు ముక్క మొత్తం వేరే మనిషిదని ఇక్కడ రాసుకున్నారు. వెనకబెంచి అని మారుపేరు. మాస్టారు తనది ఇచ్చుకోవచ్చు, పరాయివాళ్ళది ఎలా ఇస్తారు? ఆ ముక్క ఈ మిషన్లో ఉంటే, ఆ మనిషి అనుమతి లేదు కాబట్టి పాత షరతు అలాగే ఉంటుంది. కోడు ఇవ్వాల్సిందే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ధన్యవాదాల జాబితా పట్టుకుని కోర్టుకెక్కుతావా? ఎవడో వెనకబెంచి. ఉన్నాడో పోయాడో. కనపడని మనిషి హక్కు ఎవరొచ్చి అడుగుతారమ్మా?"

నేను తెర వైపు తిరిగాను. పన్నెండూ నలభైనాలుగు. కీచు ఆపే భాగం వెతికాను. కంప్యూటర్లో రెండు రకాలున్నాయి, అప్‌డేట్‌కి ముందుదీ తర్వాతదీ. ముందుది తెరిచాను. లెక్క ముప్ఫయ్యొకటి నుంచి వెనక్కి దిగుతోంది, సున్నా దాకా. ఎవరైనా ముందుకి లెక్కపెడతారు. దీన్ని రాసిన మనిషి వెనక్కి లెక్కపెట్టాడు. సున్నా చేరాక కూడా ఆగలేదు. ఇంకొక్కసారి వెళ్ళి, కీచు నిజంగా పోయిందా లేదా అని చూసి వస్తున్నాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట మా ఆఫీసులో మెట్లు కూడా వెనక్కి లెక్కపెడుతూ దిగే మనిషి ఒకడుండేవాడు. సాయంత్రం తలుపు తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి ఇంకొక్కసారి లాగి చూసేవాడు. ఆ అలవాటు మీద మేం వెయ్యని జోకు లేదు. పని అయిందనుకోవడం వేరు, అయిందో లేదో చూడటం వేరు అని నాకు నేర్పింది ఆయనే.

రెండోది తెరిచాను. సున్నా తర్వాతి ఆ ఒక్క లైను లేదు. ఎవరో తీసేశారు. కీచు వచ్చినప్పుడు మిషను తన గొంతు తనే నొక్కుకుంటుంది. చివరి ఆ చూపు ఉంటే, కీచు పోయిందని తెలుసుకుని వదులుతుంది. అది లేకపోతే, పదకొండు నిమిషాలకి తనంతట తాను మళ్ళీ మొదలయ్యేదాకా అలాగే ఉంటుంది.

ఒక్క లైను. పక్కనే కూర్చున్న పిల్లకి చెవులు తిరిగి తెచ్చే లైను నా కళ్ళముందుంది, చెప్పడానికి నాకు నోరు లేదు.

"గురువుగారూ," అన్నాను. "మీరొకసారి ఇటొచ్చి చూడండి. నివేదిక కాదు, కోడు."

"అవసరం లేదు."

"తాళం వేశాక తలుపు ఇంకా లాగి చూస్తున్నారా, మానేశారా?"

ఆయన నన్ను చూశాడు. లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా వెనక నిలబడ్డాడు. ముందుది చూపించాను. తర్వాతది చూపించాను. ఆయన వేలితో లైను తర్వాత లైను దిగుతూ సున్నా దగ్గరికొచ్చి ఆగాడు.

"ఇక్కడ లైను ఎవరు తీసేశారు?" అన్నాడు చివరికి.

"నేనే తీయించాను సార్," అన్నాడు హెడ్డు. "పని అయిపోయాక మళ్ళీ చూడ్డం దేనికి, దండగ కదా అని."

నేను మాస్టారి పుస్తకం తెరిచి గురువుగారి చేతికిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు.

'వెనకబెంచి. ఊరూ పేరూ తెలియదు. చిన్నపిల్ల చెవి మిషను కీచుమంటోంది, ఎవరైనా సాయం చేస్తారా అని 'ఒక తండ్రి' అనే పేరుతో నేనడిగితే మూడోరోజుకి ఈ ముక్క పంపాడు. మీ షరతే దీనికీ అన్నాడు. ఇందులో నాది ఒక్క అక్షరం లేదు. ఈ రోజు మధ్యాహ్నం పాప కిటికీ దగ్గరికెళ్ళి, ఆ చప్పుడేంటి నాన్నా, అంది. వాన. బాబూ, నువ్వెవరివైనా, మా ఇంట్లో వాన నీవల్ల వినపడింది. నీ రుణం తీర్చుకోలేను.'

"వెనకబెంచిలు లోకంలో ఎందరో, నేను కాదులే అనుకున్నాను ఇందాక. అడిగింది ఎవరో ఒక తండ్రి అని మాత్రమే తెలుసు," అన్నాడు, పైకి కాదు, తనలో తను. "జవాబు రాలేదు. పనికొచ్చిందో లేదో తెలీలేదు. ఇన్నేళ్ళూ తెలీలేదు."

హెడ్డుకి విషయం అర్థమయింది. మొహం వెలిగిపోయింది. "సార్! మీరేనా అది? ఇంకేం, సమస్యే లేదు!" నా తెల్లకాగితాల్లోంచే ఒకటి లాక్కుని గబగబా రెండు లైన్లు రాసి, పెన్నుతో సహా ఆయన ముందు పెట్టాడు. "మీరు కూడా అనుమతిచ్చినట్టు ఒక్క సంతకం సార్. మీరు మా మనిషేగా. అయిపోతుంది."

ఆ మనిషిని నేనే వెతికి పట్టుకుని, నేనే వాళ్ళ చేతికి అప్పగించాను. ఆ ఒక్క సంతకం పడితే మాస్టారిదీ వెనకబెంచిదీ రెండూ వాళ్ళవే. ఈ అమ్మాయికి స్టోరు గదే గతి.

పన్నెండూ నలభైతొమ్మిది. గురువుగారు పెన్ను తీసుకున్నాడు. నర్సమ్మ వైపు చూశాడు. ఆమెకేమీ తెలియదు. పెద్దాయన తనవైపు చూస్తున్నాడని మర్యాదగా చిన్న నవ్వు నవ్వింది.

గురువుగారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హెడ్డు జేబులోనే దోపాడు. గుమాస్తాగారి రిజిస్టరు తనవైపు తిప్పుకుని నిలబడే రాశాడు. సంతకం చేశాడు. గుమాస్తాగారు గొంతు సవరించుకుని చదివారు.

"కీచు ఆపే భాగం ఇరవయ్యొక్క ఏళ్ళ కిందట, ఏ ఉద్యోగంలోనూ లేని రోజుల్లో నేను రాసినది. మాస్టారి షరతు మీదే ఇచ్చాను. ఈ కంపెనీకి వేరే అనుమతి ఇవ్వలేదు, ఇవ్వను. ఈ క్షణం నుంచి నేను వీరి నిపుణుణ్ణి కాను."

హెడ్డు కళ్ళు తేలేశాడు. "సార్, మీ పేరు పోతుంది. ఇంకే కంపెనీ మిమ్మల్ని పిలవదు!"

"పిలవకపోతే మళ్ళీ కోడు రాసుకుంటాను," అన్నాడు.

పుస్తకం రెండు చేతుల్తో నాకు తిరిగిచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. పద్దెనిమిదేళ్ళుగా బాకీపడిన మాట గొంతు దాకా వచ్చింది. "గురువుగారూ, ఆ రోజు నా తప్పుకి మీరు..."

"సారాంశం వద్దమ్మా," అన్నాడు. ఈసారి కళ్ళు కూడా నవ్వాయి. నర్సమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏదో అనబోయి, ఆమెకి వినపడదని గుర్తొచ్చి, ఊరికే తలవంచి బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది.

గోడగడియారం పన్నెండూ యాభైరెండు చూపిస్తోంది. నర్సమ్మ ఉలిక్కిపడి చెవి పట్టుకుంది. మిషను పలికినట్టుంది. అదే క్షణంలో తలుపు పిడి బయట్నుంచి ఒకసారి కదిలి, టక్కుమని ఆగింది. తర్వాత అడుగులు దూరమయ్యాయి.

"ఆ చప్పుడేంటి మేడమ్?" అందామె.

పుస్తకం పదిహేడో పేరు దగ్గర తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాను.

"వెనకబెంచి అమ్మా," అన్నాను. "తలుపు పడిందో లేదో చూసుకున్నాడు."